చచ్చిన 500 జీబీ హార్డ్ డ్రైవ్ నుంచి బాపమ్మ పాటలు తీసిన డైరీ

డ్రైవ్ మా చిన్నబాపుది, వరంగల్ కొత్తవాడల ఇంట్ల పాత డెస్క్‌టాప్‌లది. 3.5 అంగుళాలది, సాటా కేబుల్‌తోని కంప్యూటర్‌కు తగిలే రకం, 500 జీబీ. మే నెలల గాలివాన వచ్చిన రోజు కరెంటు మూడుసార్లు పోయి వచ్చింది, నాలుగోసారి వచ్చినప్పుడు బల్బులు తెల్లగ మెరిసినయట, ఆ తర్వాత కంప్యూటర్ ఆన్ కాలే.

దాంట్ల ఉన్నయి రెండే ముఖ్యం. ఒకటి, చిన్నబాపు 2010 నుంచి 2016 దాకా తీసిన జంపఖానా డిజైన్ల ఫోటోలు. ఈ జంపఖానాలకే వరంగల్ ధర్రీలని 2018ల జీఐ (ఫలానా ఊరి సరుకు అన్న) గుర్తింపు వచ్చింది గాని ఇవి అంతకు ముందటియి, వాటిల కొన్ని నేసిన మగ్గాలే ఇప్పుడు లేవు. రెండోది, మా బాపమ్మ, వాళ్ళ వాడకట్టు ఆడోళ్ళు కలిసి పాడిన బతుకమ్మ పాటలు, 63 రికార్డింగులు. బాపమ్మ ఇప్పుడు లేదు. వేరే కాపీ ఎక్కడా లేదు.

చేసేటోళ్ళకు పనికొస్తదని కొలతలతో సహా రాస్తున్న. తప్పులు ఎక్కడ చేసిన్నో అక్కడ ఎక్కువ రాసిన.

దశ 0: నాకంటే ముందే జరిగినయి

సిటీల ఒక షాపుల చూపిస్తే "మోటార్ పోయింది" అన్నరు, చెకింగ్ కింద 300 తీసుకున్నరు. మోటార్ పోలే, అది కింద తెలుస్తది. తర్వాత మా తమ్ముడు ఎవరో చెప్పిండని డ్రైవ్‌ను జిప్ కవర్ల పెట్టి ఫ్రిజ్‌ల పైన ఐస్ గడ్డ కట్టే దాంట్ల నాలుగు గంటలు పెట్టిండు. బయటికి తీసేసరికి బయట 43 డిగ్రీలు, రెండు నిమిషాల్ల డ్రైవ్ ఒంటి మీద నీళ్ళు కారినయి.

ఈ ఫ్రీజర్ చిట్కా ఎక్కడ నుంచి వచ్చిందంటే, వెనకట డ్రైవ్‌లల్ల హెడ్లు (డేటా చదివే సన్న మొనలు) ఆగినప్పుడు ప్లేటు (డేటా ఉండే గుండ్రటి పళ్ళెం) మీదనే కూసునేటివి, ఒక్కోసారి అతుక్కునేటివి, చల్లబడితే లోహం ముడుసుకొని వదిలేది. ఇప్పటి డ్రైవ్‌లల్ల చాలా వాటికి హెడ్లు పక్కకు ఒక ర్యాంపు మీద ఎక్కి పడుకుంటయి, అతుక్కునేదే తక్కువ. పైగ ఇసొంటి డ్రైవ్ పూర్తిగ మూసిన డబ్బా కాదు, గాలి పోను రాను ఒక సన్న రంధ్రం ఉంటది, ఫిల్టర్ ఉన్నా తేమను పూర్తిగ ఆపదు. హెడ్డు ప్లేటు మీద కొన్ని నానోమీటర్ల ఎత్తుల ఎగురుతది, అక్కడ నీటి చుక్క అంటే గుండు రాయి లెక్క. మా డ్రైవ్‌కు వచ్చింది కరెంటు రోగం, దానికి చలితోని ఏం పని?

అందుకే నేను చేతుల పట్టినంక రెండు రోజులు ఏం చెయ్యలే. పొడి గదిల, ఫ్యాన్ దూరంగ, బట్ట మీద పెట్టి వదిలేసిన. బియ్యం డబ్బాల పెట్టమన్నరు, పెట్టలే, ఆ పిండి దుమ్ము డ్రైవ్ కింద ఉండే ఎలక్ట్రానిక్ బోర్డు మీద పడుతది.

ఖర్చు ఇప్పటిదాక: 300.

దశ 1: చావుకు కారణం పట్టుకునుడు

కంప్యూటర్ నుంచి విడదీసి ఒక పాత ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే డబ్బా) మీద పెట్టిన. మదర్‌బోర్డు లేకుండ ఎస్‌ఎంపీఎస్ ఆన్ చెయ్యాలంటే 24 పిన్నుల కనెక్టర్ల ఆకుపచ్చ వైరును ఏదన్న నల్ల వైరుకు కలపాలె. డ్రైవ్ లేకుంటే ఫ్యాన్ తిరుగుతుంది, డ్రైవ్ గుచ్చితే ఫ్యాన్ ఒక్క చుట్టు తిరిగి ఆగుతుంది. మోటార్ పోతే ఇట్ల కాదు. ఎక్కడనో పక్కా షార్ట్ ఉంటేనే ఎస్‌ఎంపీఎస్ తనను తాను మూసుకుంటది.

కొలిచిన పద్ధతి:

1. కరెంటు అంతా తీసేసి, మల్టీమీటర్‌ను 200 ఓమ్‌ల మీద పెట్టిన.
2. ముందు రెండు కడ్డీలు ఒకదానికొకటి తాకిచ్చిన, 0.3 చూపింది. ఇది వైర్లది, తర్వాత ప్రతి కొలతల నుంచి తీసెయ్యాలె.
3. సాటా పవర్ కనెక్టర్ల 15 పిన్నులు. 7, 8, 9 అయిదు వోల్టులు. 13, 14, 15 పన్నెండు వోల్టులు. 4, 5, 6 గ్రౌండ్.
4. అయిదు వోల్టులకూ గ్రౌండ్‌కూ మధ్య: 200 దాటిపోయింది, అంటే షార్ట్ లేదు.
5. పన్నెండు వోల్టులకూ గ్రౌండ్‌కూ మధ్య: 0.8. వైర్లది తీస్తే సగం ఓమ్. దొరికింది.

పవర్ కనెక్టర్ పక్కన రెండు నల్ల దిమ్మెలు ఉంటయి, బియ్యపు గింజ కంటే కొంచెం పెద్దగ. వాటిని టీవీఎస్ డయోడ్లు అంటరు, ఒకటి 12కు, ఒకటి 5కు. వోల్టేజ్ ఎక్కువ వచ్చినప్పుడు అది షార్ట్ అయి కరెంటును గ్రౌండ్‌కు మళ్ళిస్తది, అంటే తను చచ్చి వెనకాల ఉన్న చిప్పులను కాపాడుతది. మా దాంట్ల అదే జరిగింది.

దాన్ని పీకేస్తే డ్రైవ్ నడుస్తదా అంటే నడుస్తది, కాని ఇగ కాపలా ఉండదు. ఇంకోసారి కరెంటు ఎక్కువ తక్కువ అయితే ఈసారి పోయేది అసలు చిప్పులే. అందుకే పీకినంక ఎస్‌ఎంపీఎస్ మార్చిన, దాని 12 వోల్టుల లైను 12.08, 5 వోల్టుల లైను 5.03 ఉందని కొలిచినంకనే డ్రైవ్ గుచ్చిన.

మా బాపుది 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ ఉంది, దానితోని ఒక చివర వేడి చేసి లేపి, ఇంకో చివర వేడి చేసి తీసిన. కింద బోర్డు రాగి గీత లేవకుండ చూసుకోవాలె, గుంజొద్దు, సీసం కరిగితే అదే వస్తది. విడిగ ఆ డయోడ్‌ను కొలిస్తే రెండు దిక్కులా 0.9. బోర్డు మీద పన్నెండు లైను ఇప్పుడు 200 దాటింది.

కరెంటు ఇచ్చే ముందు ఒక ఆటో ఇండికేటర్ బల్బు, 12 వోల్టులది, పన్నెండు లైనుకు సిరీస్‌ల పెట్టిన. ఎలక్ట్రీషియన్లు ఇంటి వైరింగ్‌కు పెట్టే సిరీస్ బల్బు లెక్కనే ఇది కూడ. బల్బు నిండుగ వెలిగితే ఇంక షార్ట్ ఉన్నట్టు, ఒక్కసారి మెరిసి తగ్గితే పర్వాలేదు. బల్బు ఉండంగ మోటార్ తిరగదు, దానికి మొదట్ల ఎక్కువ కరెంటు కావాలె, కాబట్టి ఇది పరీక్షకే. మెరిసి తగ్గింది. బల్బు తీసేసిన. మోటార్ తిరిగింది.

పొడుగు స్క్రూడ్రైవర్ మొన డ్రైవ్ ఒంటికి ఆనిచ్చి పిడి చెవి దగ్గర పెట్టుకుంటే లోపల చప్పుడు స్పష్టంగ వినిపిస్తది. బేరింగ్ రాసుకునే చప్పుడు లేదు, సాఫీగ ఉంది. ఆ తర్వాత టక్, టక్, టక్, ఇట్ల కొట్టి మోటార్ ఆగింది. బయోస్‌ల (కంప్యూటర్ ఆన్ కాంగనే వచ్చే సెట్టింగుల తెర) డ్రైవ్ కనిపించలే.

ఖర్చు ఇప్పటిదాక: 300. (ఐరన్, మీటర్ ఇంట్లయే.)

దశ 2: బోర్డు మార్చుడు, పెద్ద తప్పు

టక్ టక్ అంటే హెడ్డు ప్లేటు మీద తన గుర్తులు చదవలేక వెనక్కి పోయి మళ్ళ వచ్చుడు. హెడ్డు పోయిందా, బోర్డు పోయిందా అప్పటికి తెల్వదు. నేను బోర్డు అనుకొని అదే మోడల్, అదే బోర్డు నంబర్ ఉన్నది సెకండ్ హ్యాండ్‌ల 650 పెట్టి కొన్న. చిన్న నక్షత్రం తల స్క్రూలు, టార్క్స్ టీ6, దానికి సెట్టు ఇంకో 180.

ఆ బోర్డు పెట్టినా అదే టక్ టక్. మూడుసార్లు ట్రై చేసిన, ఆ మూడుసార్లు చెయ్యకుండ ఉండాల్సింది. ప్రతి టక్ హెడ్డుకు దెబ్బనే.

ఎందుకు పని చెయ్యలేదంటే, బోర్డు మీద 8 కాళ్ళ సన్న చిప్ ఒకటి ఉంటది, దాంట్ల ఆ డ్రైవ్ హెడ్లకు ఫ్యాక్టరీల కొలిచి పెట్టిన విలువలు ఉంటయి. ఒక్కో డ్రైవ్‌కు ఒక్కో తీరు. వేరే డ్రైవ్ బోర్డు పెడితే ఇంకొకరి కళ్ళద్దాలు పెట్టుకున్నట్టే. పాత బోర్డు నుంచి ఆ చిప్ తీసి కొత్త బోర్డుకు వెయ్యాలె, దానికి హాట్ ఎయిర్ (వేడి గాలితోని సోల్డర్ కరిగించే మిషన్) కావాలె. కొన్ని బోర్డులల్ల ఆ చిప్ విడిగ ఉండదు, పెద్ద చిప్ లోపలనే ఉంటది, అప్పుడు ఇంకా కష్టం. బోర్డు నంబర్ కలిస్తే చాలు అనుకొని కొనకండి.

హన్మకొండ చౌరస్తా దిక్కు సెల్ రిపేర్ చేసే దోస్తుతోని చిప్ మార్పిద్దామని రెండు బోర్డులు పక్కపక్కన టేబుల్ మీద బోర్లించి పెట్టిన. అప్పుడు కనిపించింది. బోర్డు లోపలి దిక్కు, హెడ్ల నుంచి వచ్చే పిన్నులు ఆనే చోట వరుసగ చిన్న చిన్న లోహపు బిళ్ళలు ఉంటయి. కొన్న బోర్డు మీద అవి మెరుస్తున్నయి. మా బోర్డు మీద నల్లగ, తోమని వెండి పట్టీల లెక్క ఉన్నయి, ఒక్కోదాని మధ్యల పిన్ను గుచ్చుకున్న గుంట ఒక్కటే తెల్లగ, అది కూడ సగం వాటికి లేదు. ఏండ్ల తేమకు పట్టిన పొర అది. ఫ్రీజర్ల నీళ్ళు కారినంక ఇంకా ముదిరి ఉంటది.

చేసింది:

1. పెన్సిల్ రబ్బరు, తెల్లది, మెత్తది. బిళ్ళ మీద ఒకే దిక్కు రుద్దిన, గట్టిగ ఒత్తకుండ. ఇసుక కాగితం వాడొద్దు, పైపూత పోతది.
2. రబ్బరు పొట్టు మెత్తటి బ్రష్‌తోని బయటికి ఊడ్చిన, డ్రైవ్ దిక్కు కాదు.
3. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, దూది కాదు, పోగులు రాలని బట్ట. తుడిచి పది నిమిషాలు ఆరబెట్టిన.
4. డ్రైవ్ దిక్కు ఉన్న పిన్నులను ముట్టలే, అవి స్ప్రింగు లెక్క ఉంటయి, వంగితే ఇగ అంతే.
5. స్క్రూలు ఎదురెదురుగ కొంచెం కొంచెం బిగించిన.

మా పాత బోర్డే, డయోడ్ లేనిదే, మళ్ళ పెట్టిన. తిరిగింది, ఒక్క చిన్న గరగర, తర్వాత నిశ్శబ్దం. బయోస్‌ల మోడల్ పేరు, 500 జీబీ రెండూ వచ్చినయి. దోస్తు షాపు మూసే టైం దాటినా కూసున్నడు, ఇద్దరం కాసేపు మాట్లాడలే.

5 రూపాయల రబ్బరు చేసే పనికి 650 పెట్టి బోర్డు కొన్న. పనిచేసే డ్రైవ్ అయినా బోర్డు తీసినప్పుడు మొదలు ఆ బిళ్ళలు చూడండి. ఇంకోటి, డ్రైవ్‌ను అరచేతితోని కొట్టుడు, అటు ఇటు ఊపుడు, మూత తీసి చూసుడు, ఈ మూడు నేను చెయ్యలే. ప్రతి చిట్కా ఒక్క రోగానికి మందు, రోగం కొలిచి తెలుసుకోకుండ వరుసగ అన్ని చిట్కాలు చేసుకుంట పోతే మంచిగ ఉన్నది కూడ పోతది.

ఖర్చు ఇప్పటిదాక: 300 + 650 + 180 + ఆల్కహాల్ 120 + రబ్బరు 5 = 1,255.

దశ 3: కాపీ, మొదటి రాత్రి

డ్రైవ్ దొరికింది గదా అని విండోస్‌ల గుచ్చొద్దు. ఫార్మాట్ చెయ్యాల్నా అని అడుగుతది, లేకుంటే తానే చెక్‌డిస్క్ (డిస్క్ తప్పులు సరిచేసే ప్రోగ్రాం) మొదలు పెడుతది, రెండూ డ్రైవ్ మీద రాసే పనులే. ఫైళ్ళు ఒక్కొక్కటి కాపీ చేసుడు కూడ ఇప్పుడే కాదు. ముందు డ్రైవ్ మొత్తాన్ని మొదటి సెక్టార్ (డేటా ఉండే చిన్న గడి) నుంచి చివరిదాక ఒక ఇమేజ్ ఫైలుగ తీసుకొని, తర్వాత పని అంతా ఇమేజ్ మీదనే.

కొత్త 1 టీబీ డ్రైవ్ 3,800. పెన్‌డ్రైవ్ నుంచి లైవ్ లినక్స్ (ఇన్‌స్టాల్ చెయ్యకుండనే నడిచేది) బూట్ చేసిన, ఆటో మౌంట్ (డ్రైవ్‌ను తానే తెరుచుడు) ఆపేసిన, సాటా కేబుల్‌తోనే నేరుగ మదర్‌బోర్డుకు పెట్టిన, యూఎస్‌బీ అడాప్టర్ మధ్యల ఉంటే ఎర్రర్ వచ్చినప్పుడల్ల డ్రైవ్ మాయం అయితది.

స్మార్ట్ విలువలు (డ్రైవ్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు) చూసిన: 5వ నంబర్, అంటే మార్చిన సెక్టార్లు, 312. 197, అంటే చదవలేక పక్కకు పెట్టినయి, 1,904. అంటే బోర్డే కాదు, ప్లేటు మీద కూడ దెబ్బ ఉంది.

ప్రోగ్రాం గ్నూ డీడీరెస్క్యూ. దీని గొప్పతనం ఏందంటే మంచిగ చదివేటియి మొదలు తీసుకుంటది, కష్టమైన చోట ఆగకుండ దాటిపోయి తర్వాత వస్తది. ఏది చదివింది ఏది కాలేదు అని మ్యాప్ ఫైలుల రాసుకుంటది. మొదటి చుట్టుల 'చిన్న ఎన్' ఆప్షన్ ఇచ్చిన, అంటే చెడిపోయిన చోట గీకుడు ఇప్పుడు వద్దు అని.

మొత్తం: 500,107,862,016 బైట్లు.
మొదటి 14 నిమిషాలు: 61 జీబీ, సెకండుకు 75 ఎంబీ దాక.
ఆ తర్వాత: సెకండుకు 200 కేబీ. దాటింది. మళ్ళ స్పీడు. మళ్ళ పడింది.
2 గంటల 10 నిమిషాలకు: 304.2 జీబీ.

అప్పుడు కరెంటు పోయింది. ఇన్వర్టర్ లైన్ ఆ గదికి లేదు.

ఇక్కడ నేను చేసిన తప్పు జర మంచిగ చదవండి. మ్యాప్ ఫైలును హోమ్ ఫోల్డర్ల పెట్టిన. లైవ్ లినక్స్‌ల హోమ్ ఫోల్డర్ అంటే ర్యామ్. కరెంటు పోతే అది కూడ పోయింది. ఇమేజ్ ఉంది, కాని దాంట్ల ఏ ముక్క నిజం, ఏ ముక్క ఖాళీ అని చెప్పే కాగితం పోయింది.

రాత్రంతా మాన్యువల్ చదివితే దొరికింది, 'పెద్ద జీ' ఆప్షన్, జనరేట్ మోడ్. ఇమేజ్‌ను చదివి సున్నాలు కాని చోటంతా అయిపోయినట్టు, సున్నాలు ఉన్న చోటంతా ఇంకా చదవనట్టు రాసి కొత్త మ్యాప్ ఫైలు చేస్తది. ఇమేజ్ ఖాళీ ఫైలుగ మొదలైతేనే ఇది పనిచేస్తది. 50 నిమిషాలు పట్టింది, 291.6 జీబీ అయిపోయినట్టు వచ్చింది. పోయిన 12.6 జీబీ అసలు డ్రైవ్‌లనే సున్నాలున్న జాగా, మళ్ళ చదివితే అయితది. ఈసారి మ్యాప్ ఫైలు కొత్త డ్రైవ్ మీద, ఇమేజ్ పక్కన. పక్కింటోళ్ళ దగ్గర యూపీఎస్ తెచ్చిన.

ఖర్చు ఇప్పటిదాక: 5,055. డేటా: 291.6 జీబీ.

దశ 4: ఎండ, బోర్లించుడు, వెనకనుంచి చదువుడు

పగటిపూట డ్రైవ్ 53 డిగ్రీలకు పోతుంది, ఆ వేడిల ఎర్రర్లు ఎక్కువైతున్నయి. కూలర్ గాలి పెట్టుమన్నరు, పెట్టలే, తడి గాలి. పాత ప్రాసెసర్ల హీట్ సింక్ ఒకటి డ్రైవ్ మీద పెట్టి టేబుల్ ఫ్యాన్ తిప్పిన, 45కు దిగింది. రాత్రి 1 నుంచి పొద్దున 6 దాక 39. అందుకే ఇగ అన్నీ రాత్రులే నడిపిన.

రెండో రాత్రి: 492.7 జీబీ. మిగిలింది 7.4, అంతా నెమ్మది జాగనే.

అక్కడ డ్రైవ్ కూసున్న తీరు మార్చి చూసిన. ఒకే జాగ, పది పది నిమిషాలు, కరెంటు తీసి, ఆగినంకనే తిప్పి:

మామూలుగ, బోర్డు కిందికి: సెకండుకు 0.3 ఎంబీ.
పక్కకు నిలబెట్టి: 0.4.
బోర్లించి, బోర్డు పైకి: 1.1.

బలం తగ్గిన హెడ్డుకు గురుత్వం ఎటు గుంజుతుంది అన్నది తేడా తెస్తది. ఈ అంకెలు నా డ్రైవ్‌యే, మీ దానికి పక్కకు నిలబెడితే మంచిగుండొచ్చు, కొలిచే చూసుకోవాలె. నేను బోర్లించే ఉంచిన, కింద రెండు రబ్బరు ముక్కలు, గాలి పోవాలని.

తర్వాత 'పెద్ద ఆర్' ఆప్షన్, అంటే వెనకనుంచి ముందుకు చదువుడు. మామూలుగ డ్రైవ్ అడిగిన దానికంటే ముందుది కూడ తానే చదివి పెట్టుకుంటది, చెడిన జాగ ముందే ఉంటే ఆ ఆత్రానికే ఆగిపోతది. వెనకనుంచి వస్తే ఆ ముందు చదువుడు పనికి రాదు, అందుకే చెడిన దాని అంచు దాక పోవచ్చు.

మూడో రాత్రి: 499.94 జీబీ. మిగిలింది 164 ఎంబీ.

ఇగ గీకుడు. ఒక్కో సెక్టార్, 512 బైట్లు, విడివిడిగ. రెండు దినాలు పట్టింది, మధ్యల రెండుసార్లు డ్రైవ్ మాయమైంది, ఎస్‌ఎంపీఎస్ ఆపి అరగంట చల్లారిచ్చి మళ్ళ మొదలు పెట్టిన, మ్యాప్ ఫైలు ఉంది కాబట్టి ఆగిన కాడ నుంచే.

మిగిలింది: 11.3 ఎంబీ, దగ్గర దగ్గర 22,000 సెక్టార్లు. ఒక్కో దానికి 3 సెకండ్లు అనుకుంటే ఇంకో చుట్టుకు 18 గంటలు. ఒక్క చుట్టు తిప్పిన, 0.9 ఎంబీ వచ్చింది. అప్పటికి స్క్రూడ్రైవర్ చెవికి పెడితే ఇంతకు ముందు లేని సన్న గీత చప్పుడు వస్తుంది. ఆపేసిన. 10.4 ఎంబీ కోసం ఆశ పెట్టుకునుడు తప్పు కాదు, కాని మిగతా అంతా ఇప్పటికే చేతికి వచ్చింది.

డేటా: 10.4 ఎంబీ తప్ప అంతా.

దశ 5: ఏ ఫైలు చెడింది

ఇమేజ్‌ను చదవడానికి మాత్రమే అన్నట్టు మౌంట్ చేసిన. ఫోల్డర్లు, పేర్లు అన్నీ వచ్చినయి. పేరు వచ్చినంత మాత్రాన లోపల మంచిగున్నట్టు కాదు, 10.4 ఎంబీ ఎక్కడ పడ్డదో తెల్వాలె.

1. డీడీరెస్క్యూ 'పెద్ద ఎఫ్' ఆప్షన్, ఫిల్ మోడ్. చెడిన సెక్టార్లల్ల మాత్రమే ఒక గుర్తు మాట రాయించిన.
2. మౌంట్ చేసి అన్ని ఫైళ్ళల్ల ఆ మాట వెతికిన.
3. దొరికిన ఫైళ్ళ పేర్లు రాసుకున్న.
4. మళ్ళ ఫిల్ మోడ్, ఈసారి సున్నాలు. పాట ఫైలుల గుర్తు మాట ఉంటే అది బుర్రుమని మోగుతది, సున్నాలైతే నిశ్శబ్దం.

చెడినయి: డిజైన్ ఫోటోలు 9, పెళ్ళి వీడియోలు 2, పాటలు 2. మిగతా చెడిన సెక్టార్లు ఖాళీ జాగలనూ విండోస్ ఫైళ్ళల్లనూ ఉన్నయి. 63 పాటలల్ల 61 పూర్తిగ వచ్చినయి.

ఆ రెండు పాటలు వేవ్ ఫైళ్ళు. స్టీరియో, 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, అంటే సెకండుకు 176,400 బైట్లు. ఒక్క సెక్టార్ పోతే 3 మిల్లీసెకండ్లు, చెవికి తెల్వదు. ఒక పాటల 64 కేబీ పోయింది, అది మూడో వంతు సెకండు కంటే జర ఎక్కువ, చప్పట్ల మధ్యల చిన్న ఎక్కిలి లెక్క వినిపిస్తది. రెండో దాంట్ల వరుసగ 1.1 ఎంబీ, 6 సెకండ్లు. బాపమ్మ చరణం ఎత్తుకుంటది, సగంల ఆగుతది, మళ్ళ అందరూ ఉయ్యాలో అనేటప్పుడు వస్తది.

చిన్నబాపు ఇంట్ల స్పీకర్ పెట్టి వినిపించిన. ఆ ఖాళీ దగ్గరికి రాంగనే మా అత్తమ్మ ఆ చరణం తానే పాడింది, ఆగకుండ, ఉయ్యాలో కాడ బాపమ్మ గొంతుల కలిసింది. "మళ్ళ పెట్టు బిడ్డా, ఈసారి ఫోన్ల పట్టుకో" అన్నది. పట్టుకున్న. అసలు ఫైలుల కలపలే, పక్కన వేరే ఫైలుగ పెట్టిన, పేరుల అత్తమ్మ పాడిందని, తారీఖుతో సహా రాసిన.

ఇప్పుడు ఇమేజ్ ఒకటి నా దగ్గర, పాటలు ఫోటోలు విడిగ చిన్నబాపు దగ్గర ఒకటి, కాజీపేటల అత్తమ్మ ఇంట్ల ఒకటి. పాత డ్రైవ్‌ను డయోడ్ చిన్న కవర్ల వేసి దానికే అతికిచ్చి బీరువల పెట్టిన. కొన్న బోర్డు అట్లనే ఉంది, అదే మోడల్ ఎవరిదన్న చస్తే చిప్ మార్పిచ్చుకొని వాడుకోండి.